ఐర్లండ్ గుళ్లలో తలలు లెక్కపెడుతూ

2025 జూలై 19, శనివారం

మా నాన్న ఫిరంగిపురం దగ్గర ఒక పల్లెలో ఉపదేశిగా పనిచేశారు. ఆదివారం ప్రార్థన అయిపోగానే నోటుపుస్తకం తెరిచి మగవారు ఇంతమంది, ఆడవారు ఇంతమంది, పిల్లలు ఇంతమంది అని రాసుకునేవారు. విచారణ గురువులు, అంటే మా పారిష్ ఫాదర్లు, నెలకోసారి వచ్చినప్పుడు ఆ లెక్క చూపించాలి. ఆ పుస్తకాలను చెదలు తినేశాయి, అలవాటు మాత్రం నాకు వచ్చింది. ఏ గుడిలోకి వెళ్లినా ముందు సిలువ గుర్తు వేసుకుంటాను, ఆ వెంటనే తలలు లెక్కపెడతాను.

డబ్లిన్‌లో దిగిన రోజే ఈ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే, సాయంత్రం ఆరింటికి మా మేనకోడలి ఇంట్లో టీవీలోంచి గంట మోగింది. త్రికాల జపం గంట! దేవదూత మరియమాతకు చెప్పిన శుభవార్తను తలుచుకుంటూ రోజుకు మూడుసార్లు చెప్పుకునే జపానికి పిలుపు. కాఫీ కప్పు బల్లమీద పెట్టి లేచి నిలబడ్డాను. మొహమాటానికి అల్లుడూ లేచాడు. తెరమీద దేవదూత లేడు, మరియమాతా లేదు. ఎవరో మామూలు మనుషులు చేస్తున్న పని ఆపి కాసేపు అలా నిలబడ్డారు. ఒక్క నిమిషం, అంతే. తర్వాత వార్తలు మొదలయ్యాయి. ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ 1950లో రేడియోలో మొదలుపెట్టి, టీవీ వచ్చాక అందులోనూ ఈ గంట మోగిస్తూనే ఉంది.

"జపం ఎవరు చదువుతారమ్మా?" అన్నాను.

"ఎవరూ చదవరు మామయ్యా, గంట వరకే," అంది.

జూలై 20, ఆదివారం

పదకొండు గంటల పూజ. శివారు కాలనీలోని గుడి, వెయ్యి మంది సులువుగా పట్టేంత పెద్దది. నా లెక్కకు నూటపన్నెండు మంది తేలారు. వారిలో సగానికి కాస్త తక్కువగా మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, పోలండ్ వాళ్లు, నైజీరియా వాళ్లు, మేము. తెల్లజుట్టు ఐరిష్ వాళ్లు వెనక వరసల్లో, ఒకరికొకరు దూరంగా కూర్చున్నారు. పాటలు పాడింది కేరళ నర్సులు. మొదటి పఠనం చదివింది మా మేనకోడలు. గురువుగారికి డెబ్భై అయిదు దాటి ఉంటాయి. తుది దీవెన ఇచ్చి, వస్త్రాలు మడిచి సంచిలో పెట్టుకుని, కారెక్కి ఇంకో గుడికి వెళ్లిపోయారు.

1970లలో ఈ దేశంలో పదిమంది కాథలిక్కుల్లో తొమ్మిదిమంది ప్రతి ఆదివారం పూజకు వచ్చేవారు. 1961 జనాభా లెక్కల్లో కాథలిక్కులు దాదాపు 95 శాతం. 2022 లెక్కల్లో 69 శాతం. ఏ మతమూ లేదని రాయించుకున్నవారు ఏడు లక్షలు దాటారు. అయితే ఆ 69 శాతంలో గుడి గడప తొక్కేవారు ఎందరన్నది వేరే ప్రశ్న. జనాభా లెక్కల కాగితం మీద గడి నింపడానికి మోకాళ్లు వంచనక్కరలేదు కదా.

గుడి పక్కనే బడి ఉంది. ఈ దేశంలో ప్రాథమిక పాఠశాలల్లో పదింట తొమ్మిది వరకు కాథలిక్ పీఠాల ఆధ్వర్యంలోనివే. జీతాలు మాత్రం ప్రభుత్వం ఇస్తుంది. మా మనవడికి వచ్చే ఏడు మొదటి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్). దానికి బడిలోనే తయారు చేస్తారు. వాడి తరగతిలోనే కరీంనగర్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ దంపతుల అబ్బాయి ఉన్నాడు. జపాలు నేర్పేటప్పుడు ఆ పిల్లవాడు వెనక బల్లమీద కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకుంటాడట. 2018 వరకు పిల్లలు ఎక్కువై సీట్లు తక్కువైన చోట, జ్ఞానస్నానం పొందిన పిల్లలకు ఈ బడుల్లో ముందుగా చోటిచ్చే వీలుండేది. నమ్మకం లేని తల్లిదండ్రులు కూడా సీటు కోసమే బిడ్డ నెత్తిన నీళ్లు పోయించేవారట. ఆ ఏడు చేసిన చట్టం కాథలిక్ ప్రాథమిక పాఠశాలల్లో ఆ పద్ధతిని ఎత్తేసింది. నేను ముప్ఫై ఏళ్లు హైదరాబాదులో పంతులుగా పనిచేశాను. మన కాన్వెంటు బడుల్లో హిందూ, ముస్లిం పిల్లలు పరలోక జపం గడగడా చెప్పడం విన్నవాణ్ణి. వాళ్లను ఎవరూ మతం మారమనలేదు, వాళ్లూ మారలేదు. ఇక్కడ అందరూ ఒకే మతంవారైన చోట జ్ఞానస్నానం రేషను కార్డులా అయిపోయింది. మన దగ్గర మనం తక్కువమందిమి కావడమే మనల్ని కాపాడిందేమోనని మొదటిసారి అనిపించింది.

జూలై 21, సోమవారం

ఓకానెల్ వీధి. ఊరి నడిబొడ్డున డేనియల్ ఓకానెల్ విగ్రహం. 1916 తిరుగుబాటు నాటి తూటాల గుర్తులు దానిమీద ఇంకా ఉన్నాయి. ఇంకో రెండు వారాల్లో ఆయన 250వ జయంతి.

ఈ విగ్రహం కింద చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే నేను చూడాలని వచ్చిన కథ మొదలయ్యేది ఇక్కడే. బ్రిటిష్ పాలనలో కాథలిక్కు పార్లమెంటులో కూర్చోవడానికి వీల్లేని రోజుల్లో, 1823లో ఓకానెల్ కాథలిక్ సంఘం పెట్టాడు. నెలకు ఒక్క పెన్నీ చందా. వసూలు చేసింది ఎవరు? ఊరూరా విచారణ గురువులు, గుడి గుమ్మం దగ్గర. కూలివాడు, కౌలురైతు తమ పెన్నీ ఇచ్చి సభ్యులయ్యారు. 1828లో క్లేర్ ఉపఎన్నికలో ఓకానెల్‌ను భూస్వాములకు ఎదురొడ్డి గెలిపించారు. మరుసటి ఏడు చట్టం మారింది. ఆ గెలిపించిన చిన్న రైతులకు దక్కిన బహుమానం ఏమిటంటే, అదే ఏడు ఓటుహక్కుకు ఆస్తి అర్హతను అయిదు రెట్లు పెంచి వాళ్ల ఓటు లాగేసుకున్నారు. అయినా లెక్కపెట్టడం అంటే బలమని ఈ జనానికి మొదట తెలిసింది గుడి గుమ్మంలోనే. ఆ పాఠం నేర్పినవారు, జనం దాన్ని తమమీదే ప్రయోగిస్తారని ఊహించి ఉండరు.

పక్క వీధిలో సెయింట్ మేరీ గుడికి వెళ్లాను. 1825లో తెరిచారు. దీన్ని అప్పటికి కేతడ్రల్ (బిషప్పు పీఠం ఉండే ప్రధాన గుడి) అనేవారు కాదు, ప్రొ-కేతడ్రల్ అనేవారు, అంటే తాత్కాలికం; 2025 నవంబరులో గాని పోపు దీన్ని కేతడ్రల్‌గా ప్రకటించలేదు. ఊళ్లో మధ్యయుగాల నాటి రెండు పెద్ద కేతడ్రళ్లూ ఆంగ్లికన్ల చేతిలో ఉండిపోయాయి. దేశాన్నే శాసించిన సంఘానికి అప్పటివరకు రాజధానిలో సొంత కేతడ్రల్ లేదు! ప్రధాన రహదారి మీద కాకుండా పక్క సందులో నిలబడిన ఆ స్తంభాలను చూస్తే నాకు నవ్వొచ్చింది. సోమవారం మధ్యాహ్నం పూజకు నలభై ఒక్కమంది. పనిరోజుకు తక్కువేం కాదు.

అక్కణ్ణించి నడుచుకుంటూ షాన్ మెక్‌డెర్మట్ వీధికి వెళ్లాం. ఎర్ర ఇటుకల పాత భవనం. ఐర్లండ్‌లో చివరిగా మూతపడిన మగ్దలేనా చాకిరేవు ఇది. మూసింది 1996లో. ఆ ఏడు నేను పదో తరగతి పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాను. అంటే ఇది ఎప్పటిదో పాత కథ కాదు. పెళ్లికాకుండా గర్భవతులైన ఆడపిల్లలు, దిక్కులేనివాళ్లు, ఊరికి కంటగింపైనవాళ్లు ఇలాంటి చోట్ల జీతం లేకుండా బట్టలు ఉతికారు. స్వతంత్ర దేశం ఏర్పడిన 1922 నుంచి పదివేల మంది దాకా ఇలాంటి ఇళ్లలో ఉన్నారని 2013లో ప్రభుత్వ నివేదిక చెప్పింది. ప్రభుత్వ సంస్థల మురికిబట్టలు కూడా ఇక్కడికే వచ్చేవి. నడిపింది కన్యస్త్రీలు, ఒప్పందాలు రాసిచ్చింది ప్రజాస్వామ్య ప్రభుత్వం. 2018లో ఈ స్థలాన్ని హోటల్ కోసం అమ్మబోతే నగర కౌన్సిలర్లు ఓటువేసి ఆపారు. ఇక్కడ స్మారక కేంద్రం కట్టాలని నిర్ణయం.

మా మేనకోడలు ఏమీ మాట్లాడలేదు. గోడకు ఎవరో కట్టిన ఎండిన పూలగుత్తిని సరిచేసి వచ్చింది.

జూలై 22, మంగళవారం

రోజంతా వాన. మనవడికి మంగళవార్త జపం తెలుగులో నేర్పాను. వాడు నాకు అదే జపం ఐరిష్ భాషలో నేర్పాడు. నాకు రాలేదు.

జూలై 23, బుధవారం

మేనూత్. డబ్లిన్ నుంచి పడమటికి రైలు, కాలువ పక్కనే పోతుంది. సెయింట్ పాట్రిక్ గురువిద్యాలయం, అంటే కాథలిక్ గురువులను తయారు చేసే సెమినరీ, 1795లో పెట్టినది. ఫ్రెంచి విప్లవం వచ్చి ఐరోపాలోని గురువిద్యాలయాలు మూతపడ్డాక, ఐరిష్ కుర్రాళ్లు అక్కడ చదివి విప్లవాలు నేర్చుకుని రాకుండా ఇక్కడే చదువుకోనిమ్మని ప్రభుత్వమే చట్టం చేసి డబ్బిచ్చింది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద గురువిద్యాలయం. అయిదు వందలమంది ఉండేవారు. ఇప్పుడు ఆ ప్రాంగణం నిండా విశ్వవిద్యాలయం పిల్లలు. కాబోయే గురువులు ఎక్కడో ఒక మూల, కొద్దిమంది.

మాకు తోడు వచ్చింది కడప వైపు నుంచి వచ్చిన ఒక యువ గురువు. ఇక్కడ పైచదువు చదువుతూ వారాంతాల్లో ఒక విచారణలో సాయం చేస్తున్నాడు. లోపలి వసారాల్లో గోడల పొడవునా ఏటేటా గురుపట్టం పొందినవారి ఫొటోలు వేలాడుతున్నాయి. పాతవాటిలో ముఖాలు ఆవగింజల్లా ఉన్నాయి, లెక్కపెట్టడానికి నాకు ఓపిక చాలలేదు. ముందుకు నడిచేకొద్దీ ముఖాలు పెద్దవవుతూ వచ్చాయి. తక్కువమంది ఉంటే ఒక్కొక్కరికి ఎక్కువ చోటు దొరుకుతుంది కదా. ఇటీవలివాటికి ఒక చేతి వేళ్లు చాలు.

ప్రార్థనాలయం తాళం తీయించారు. ఎదురెదురుగా చెక్కడపు పని చేసిన ఓక్ ఆసనాలు, నాలుగు వందలకు పైగా. ఒకదాంట్లో కూర్చున్నాను. కిర్రుమంది. ఆ చప్పుడు చాలాసేపు తిరిగింది లోపల.

మన హైదరాబాదుకు వచ్చిన డేనియల్ మర్ఫీ ఈ ఆసనాల్లో కూర్చోలేదు. ఆయన కాలానికి ఈ ప్రార్థనాలయం కట్టలేదు. కార్క్ కౌంటీలో 1815లో పుట్టి, ఈ ప్రాంగణంలోనే చదివి, 1838లో గురుపట్టం పొంది మద్రాసు ఓడ ఎక్కాడు. కంపెనీ సైన్యంలో ఐరిష్ సిపాయిలు బోలెడుమంది, వాళ్లకు గురువులు కావాలి. అలా వచ్చినవాడు నిజాం రాజ్యంలోకి వచ్చి, 1851లో హైదరాబాదు కాథలిక్ సంఘంలో ప్రత్యేక పాలనగా ఏర్పడినప్పుడు దానికి మొదటి మేత్రాణులు, అంటే బిషప్పు, అయ్యాడు. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ బడి ఆయన కాలంలోనే 1855లో మొదలైంది. నేను ఉద్యోగానికి పోయే బస్సు ఆ బడి ముందునుంచే వెళ్లేది. ఆరోగ్యం చెడి హైదరాబాదు వదిలాక ఆయన ఆస్ట్రేలియా దక్షిణాన హోబర్ట్‌లో బిషప్పుగా ఉండి 92 ఏళ్లకు, 1907లో పోయాడు.

ఇదంతా నేను చెబుతుంటే కడప గురువుగారు నవ్వారు. "అయితే బాకీ తీరుస్తున్నాం మాస్టారూ. అప్పుడు వాళ్లు పంపారు, ఇప్పుడు మేము వచ్చాం."

"జనం బాగా చూసుకుంటున్నారా?"

"మర్యాదగా చూస్తారు. మన ఊళ్లో గురువు వీధిలో నడిస్తే ముసలివాళ్లు కూడా లేచి నిలబడతారు. ఇక్కడ నా ప్రసంగం అయ్యాక ఒకావిడ వచ్చి, మీరు చెప్పినది నాకు నచ్చలేదు, ఫలానాచోట తప్పు అంది. నాకు మొదట కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి చూసుకుంటే ఆవిడ చెప్పిందే సరి. పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, తలుపు తీసి ఉంచాలి, ఇంకో పెద్ద మనిషి ఉండాలి. ఇక్కడ పని మొదలుపెట్టే ముందే పోలీసు తనిఖీ, శిక్షణ, అన్నీ అయ్యాయి."

"మన దగ్గర అంత గట్టిగా ఉందా?"

ఆయన కాసేపు ఆగి, "రావాలి," అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆయనమీద గౌరవం పెరిగింది.

ఐరిష్ గురువుల నేరాలు, వాటిని కప్పిపుచ్చిన బిషప్పుల నేరాలు 2005 నుంచి 2011 దాకా ఒకదాని వెంట ఒకటి ప్రభుత్వ విచారణ నివేదికలుగా వచ్చాయి. మన సంఘంలో చాలామంది "లోకం పాడైంది, టీవీ వచ్చింది, డబ్బు వచ్చింది, అందుకే ఐర్లండ్ దేవుణ్ణి వదిలింది" అంటారు. డబ్బు సంగతి నిజమే కావచ్చు. కాని ఇంట్లోవాళ్లే తలుపు మూసి కొడితే బిడ్డ ఇల్లు వదిలిపోయింది, దానికి వీధిలో దీపాలను తిట్టి లాభం ఏమిటి?

జూలై 24, గురువారం

గాల్వేకు బస్సు. సముద్రం, ఎండ, వీధి పాటగాళ్లు. ఇక్కడి ఆస్పత్రిలోనే 2012 అక్టోబరు 28న సవితా హళప్పనవర్ చనిపోయింది. బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు, 31 ఏళ్లు. గర్భం నిలవదని తెలిశాక తీసేయమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటున్నందున కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశం అన్న మాట కూడా ఆమె చెవిన పడిందని విచారణలో తేలింది. విషజ్వరం ఒళ్లంతా పాకి పోయింది. 1983లో ఓటువేసి రాజ్యాంగంలో చేర్చిన గర్భస్రావ నిషేధాన్ని 2018 మే 25న అదే జనం 66.4 శాతం ఓట్లతో తీసేశారు. రెండుసార్లూ మూడింట రెండు వంతులే, అటోసారి, ఇటోసారి.

మా మేనకోడలు గర్భస్రావం పాపమని నమ్మే మనిషి. ఆమె నర్సు కూడా. సముద్రపు గట్టుమీద నడుస్తూ, "ఆ రోజు నేను ఆ వార్డులో డ్యూటీలో ఉంటే ఏం చేసేదాన్నో అని ఎన్నిసార్లు అనుకున్నానో మామయ్యా," అంది. నేను జవాబు చెప్పబోయి మానుకున్నాను. ఆమె నన్ను అడగలేదు.

జూలై 25, శుక్రవారం

ట్యూమ్. ఇళ్ల మధ్యలో ఎత్తైన కంచె. పదకొండు రోజుల క్రితమే, ఈ నెల 14న తవ్వకం మొదలైంది. 1925 నుంచి 1961 వరకు ఇక్కడ పెళ్లికాని తల్లుల ఇల్లు ఉండేది. కేథరిన్ కోర్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి సొంత శ్రమతో మరణ నమోదులు సేకరించి చూస్తే 796 మంది పిల్లలు తేలారు. వాళ్లను ఎక్కడ పాతిపెట్టారో లెక్క లేదు. 2017లో భూగర్భపు గదుల్లో పసివాళ్ల ఎముకలు బయటపడ్డాయి. భవనం కౌంటీ ప్రభుత్వానిది, నడిపింది కన్యస్త్రీలు, తమ కూతుళ్లను తెచ్చి వదిలింది కుటుంబాలు.

నా అలవాటు గురించి మొదట రాశాను. ఇక్కడ ఒక గృహిణి బల్ల ముందు కూర్చుని ఒక్కో పేరూ లెక్కపెట్టింది. మా నాన్న పుస్తకంలో పిల్లలకు వేరే వరస ఉండేది. ఆ మాట పదేపదే గుర్తొచ్చి అక్కడ నిలబడలేకపోయాను. కంచె దగ్గర జపమాల తీశాను. ఎవరికి చూపించుకోవాలని తీశానో అనిపించి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. రాత్రి గదిలో చెప్పుకున్నాను.

జూలై 26, శనివారం

నాక్. 1879 ఆగస్టు 21 వానసాయంత్రం గుడి గోడమీద మరియమాత కనిపించిందని పదిహేనుమంది చెప్పిన ఊరు. వరసగా కుళాయిలు, పవిత్రజలం పట్టుకునే సీసాలు, దుకాణాలు. గుణదల తిరునాళ్లకు అలవాటుపడ్డ కళ్లకు ఇది మరీ నిశ్శబ్దం. తలనీలాలు లేవు, కొబ్బరికాయలు లేవు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు లేవు. మలయాళీ కుటుంబాలు మాత్రం నాలుగు కార్లలో వచ్చి దుప్పట్లు పరిచి పులిహోరలాంటిదేదో విప్పారు. అక్కడే కాస్త ప్రాణం లేచొచ్చింది. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వరస పెద్దదే. నేనూ నిలబడ్డాను.

జూలై 27, ఆదివారం

జూలై చివరి ఆదివారం. క్రో పాట్రిక్ కొండ, ఎత్తు 764 మీటర్లు. పాట్రిక్ పునీతుడు నలభై రోజులు ఉపవాసం ఉన్నాడని చెప్పే శిఖరం. ఏటా ఈ రోజున వేలమంది ఎక్కుతారు, కొందరు ఉత్త కాళ్లతో. కొండ కింద చేతికర్ర కొన్నాను. అల్లుడు, మేనకోడలు, మనవడు ముందు పోయారు. నేను మొదటి భుజం దాకా ఎక్కి ఒక బండమీద కూలబడ్డాను. పైన అంతా జారుడు రాళ్లు. అరవై నాలుగేళ్ల మోకాళ్లకు అంతే రాసిపెట్టి ఉంది.

పక్కన ఒకావిడ కూర్చుంది. ఇదే మేయో కౌంటీలో బడిపంతులమ్మగా చేసి విరమించింది. నేనూ పంతులినే అనగానే ఫ్లాస్కు తీసి టీ పోసింది. రెండేళ్లకోసారైనా ఎక్కుతుందట. నేను ఆగలేక అడిగేశాను, ఓట్లలో ఏం చేశారని. 2015లో ఒకే లింగంవారి పెళ్లికి అవునని వేసింది, చెల్లెలి కొడుకు కోసం. 2018లో ఏడ్చుకుంటూ అవునని వేసింది. 2024లో తల్లి ఇంటి బాధ్యతల గురించి రాజ్యాంగంలో ఉన్న మాటలు మార్చాలన్నప్పుడు కాదని వేసింది. రాసిన వాక్యం బాగాలేదట, ప్రభుత్వం తన చెవిలో పువ్వు పెడుతోందనిపించిందట. ఆ ప్రతిపాదన దేశమంతా చిత్తుగా ఓడిపోయింది.

"బిషప్పు చెప్పినట్టు వేయలేదన్నమాట," అన్నాను.

"ప్రభుత్వం చెప్పినట్టూ వేయలేదు," అంది. కాసేపటికి తనే అడిగింది. "మొన్న మే నెలలో పోపును ఎన్నుకున్నారు కదా, ఎంతమంది ఓటువేశారు?"

"133 మంది. మా హైదరాబాదు కార్డినల్ పూల ఆంతోని కూడా అందులో ఉన్నారు. దళితుల నుంచి కార్డినల్ అయిన మొదటివారు."

"మంచిదే. ఆ 133 మందిలో ఆడవాళ్లు ఎంతమంది?"

నేను టీ తాగాను.

ఆవిడ కర్ర పుచ్చుకుని లేచి పైకి పోయింది. మెల్లగానే పోయింది కాని ఆగలేదు. బండమీద కూర్చుని దారివెంట పోయేవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక తండ్రి భుజాలమీద పాప. పోలిష్ మాట్లాడుకుంటూ నలుగురు. రక్తం కారే పాదాలతో ఒక కుర్రాడు, వాడి చెవిలో పాటలు. చేతిలో జపమాల ఉన్నవాళ్లు తక్కువ, గడియారంలో అడుగులు చూసుకునేవాళ్లు ఎక్కువ. వీళ్లలో ఎవరిని భక్తుడని రాయాలి, ఎవరిని షికారు మనిషని రాయాలి? మా నాన్న పుస్తకంలో ఆ వరస లేదు. రెండొందల ముప్ఫై దాకా వచ్చేసరికి మంచు దిగి దారి కనిపించడం మానేసింది.

రెండు గంటల తర్వాత మనవడు మోకాలు గీసుకుపోయి, మొహం వెలిగిపోతూ దిగాడు. పైన చిన్న గుడిలో పూజ జరిగిందట.

"ఎంతమంది ఉన్నార్రా?"

"ఏమో తాతయ్యా, ఏమీ కనిపించలేదు. గంట మాత్రం వినిపించింది. నాకు ఆకలేస్తోంది," అన్నాడు.